బోరింగ్ చేయించిన బండి: మెల్లగా నడపాలా, లాగించాలా, ట్యూనింగ్ ఎప్పుడు?

అరిగిన సిలిండర్‌ను లేత్ షాపులో కాస్త పెద్దదిగా కోయించి (దీన్నే బోరింగ్ అంటారు), దానికి సరిపడా కొత్త పిస్టన్, రింగులు వేయించి, బండి షెడ్డు నుంచి బయటికి తెచ్చుకున్న రోజునుంచే సలహాలు మొదలవుతాయి. ఇంజన్ కట్టిన మెకానిక్ వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దంటాడు. పక్క షెడ్డు పెద్దాయన ఎదురుగా ఫ్యాను పెట్టి గంటసేపు ఐడ్లింగ్‌లో వదిలేయమంటాడు. యూట్యూబ్‌లో ఇంకొకతను మొదటి ఇరవై కిలోమీటర్లలోనే యాక్సిలరేటర్ ఫుల్లుగా తిప్పకపోతే ఆ రింగులు ఇక ఎప్పటికీ సెట్ అవ్వవంటాడు. ముగ్గురూ అనుభవంతోనే చెప్తున్నారు, ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, కాకపోతే ఒక్కొక్కరు మనసులో పెట్టుకుని మాట్లాడే ఇంజన్ వేరు.

నేను ఇక్కడ ముఖ్యంగా పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 గురించి రాస్తున్నాను. 70 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ, దాదాపు 18 హార్స్ పవర్, గాలితో చల్లబడే ఇంజన్. ఇప్పటికీ ఇష్టంగా దింపించి, మళ్ళీ కట్టించుకుని, ఇంకో పదేళ్ళు నడుపుకునే బండి అది. దాని పక్కన ఆర్‌ఎక్స్ 100, స్ప్లెండర్, ఆర్15 లాంటివి పెట్టి చూస్తే మీ బండికి ఏ పద్ధతి సరిపోతుందో తేల్చుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్పీడోమీటర్‌లో అంకె కంటే ఇంజన్ మీద పడే లోడు ముఖ్యం. లోడు పడాలి, కానీ కాసేపే పడాలి, వెంటనే తగ్గాలి, మళ్ళీ పడాలి. కొత్త ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో వదిలేయడం, హైవే మీద ఒకే స్పీడులో గంటలు నడపడం, మొదటి రోజే ఫుల్లుగా లాగడం, ఈ మూడూ బుల్లెట్‌కు నష్టమే.

ఎందుకో చెప్తాను. బోరింగ్ అయ్యాక హోనింగ్ రాళ్ళతో బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్) లోపల అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు, చూస్తే గళ్ళగళ్ళుగా కనిపిస్తాయి. ఆ గీతల లోయల్లో ఆయిల్ నిలుస్తుంది, పైనున్న మొనలు కొత్త రింగులను ఆకురాయిలా రుద్దుతాయి. ఆ రుద్దుడులో రింగు అంచూ అరుగుతుంది, మొనలూ అరుగుతాయి, రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. అయితే రింగును గోడకు గట్టిగా నొక్కేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే గ్యాసు రింగు వెనక్కి దూరి దాన్ని బయటికి తోస్తుంది, ఎక్కువ పని చేసేది అదే. ఐడ్లింగ్‌లో ఆ ప్రెషర్ నామమాత్రం. గంటసేపు అలా తిప్పితే రింగులు గట్టిగా ఒత్తుకోకుండానే పైపైన పాలిష్ అవుతాయి, మాడిన ఆయిల్ పొర గీతల్లో పేరుకుని గోడ అద్దంలా నున్నగా తయారవుతుంది. ఆ తర్వాత ఎంత నడిపినా ఆయిల్ తాగడం ఆగదు, మళ్ళీ బ్లాకు విప్పి హోనింగ్ చేయించుకోవాల్సిందే.

అలాగని లోడు మరీ ఎక్కువైతే ఇంకో ప్రమాదం. బుల్లెట్ బ్లాకు కాస్ట్ ఐరన్, పిస్టన్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుంది, పైగా మంట నేరుగా తగిలేది పిస్టన్‌కే కాబట్టి ముందు వేడెక్కేది అదే. బ్లాకు ఇంకా చల్లగా ఉండగా ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే పిస్టన్ ఉబ్బి గోడకు పట్టేస్తుంది. ఇంజన్ సీజ్ అయిందంటే చాలాసార్లు జరిగేది ఇదే.

ఏ పద్ధతిలో నడపాలో ఆలోచించే ముందు బోరింగ్ పని సరిగ్గా జరిగిందో లేదో తేల్చుకోండి, ఎందుకంటే లేత్ షాపులో తప్పు జరిగితే ఏ రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజన్‌ను మొదట్లో నడిపి సర్దుకోనిచ్చే) పద్ధతీ దాన్ని బాగు చేయలేదు. బ్లాకు చేతికి రాగానే లోపల గళ్ళు కనిపిస్తున్నాయా చూడండి. బోరింగ్ టూల్ దింపి హోనింగ్ ఎగ్గొట్టే షాపులున్నాయి, అలాంటి బ్లాకులో గుండ్రంగా చుట్టు గీతలే ఉంటాయి, గళ్ళు ఉండవు. పిస్టన్ ముందు కొని, దాన్ని లేత్ ఆయన చేతికిచ్చి, దాని కొలత ప్రకారమే బోరింగ్ చేయించాలి. హైదరాబాద్ పుత్లీబౌలిలో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. అని ఓవర్‌సైజులు దొరుకుతాయి కదా, డబ్బా మీది అంకెను నమ్ముకుని బోరు కోసేసి తర్వాత పిస్టన్ కొనడం తప్పు. రింగును బ్లాకులో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా లోపలికి నెట్టి, దాని నోటి దగ్గర సందును ఫీలర్ గేజ్‌తో (సన్న సందులు కొలిచే పలుచని రేకులు) కొలవాలి. బోరు ప్రతి 25 మి.మీ.కి 0.1 మి.మీ. చొప్పున అనే మోటు లెక్కలో 70 మి.మీ. బోరుకు 0.28 దగ్గర వస్తుంది. పిస్టన్ కంపెనీ కాగితం ఇస్తే మాత్రం అందులో ఉన్న అంకెనే పాటించండి.

కడగడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. చాలా షెడ్లలో బ్లాకును కిరసనాయిలుతోనో పెట్రోలుతోనో కడిగి బిగించేస్తారు. హోనింగ్ రాయి పొడి దానితో పోదు, గీతల్లోనే ఇరుక్కుని ఉంటుంది. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్షు పెట్టి తోమాలి, తెల్లగుడ్డతో తుడిస్తే బూడిదరంగు అంటనంత వరకు తోమాలి, ఆరీ ఆరగానే ఆయిల్ పూయాలి, లేకపోతే క్షణాల్లో తుప్పు పడుతుంది. కొత్త ఇంజన్‌లో రింగులు త్వరగా అరిగిపోవడానికి మిగిలిపోయిన ఆ పొడి ఒక పెద్ద కారణం. మెకానిక్ విసుక్కున్నా సరే, దగ్గరుండి ఈ పని చేయించండి.

ఇక పద్ధతులు పోల్చి చూద్దాం.

ఐడ్లింగ్ పద్ధతి గురించి పైనే చెప్పాను. ఫోర్ స్ట్రోక్ బండికి దీన్ని పూర్తిగా వదిలేయమంటాను. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు లీకులు, శబ్దాలు చూసుకోవడానికి రెండు మూడు నిమిషాలు చాలు. బుల్లెట్‌లో ఆ నిమిషాల్లో చూడాల్సిన అసలు విషయం ఆయిల్ హెడ్డు (వాల్వులుండే పై భాగం) దాకా చేరుతోందా లేదా అన్నది. వాల్వులను నొక్కే రాకర్లకు వెళ్ళే పైపు నట్టు కొంచెం వదులు చేస్తే ఆయిల్ ఊరుతూ కనిపించాలి. కనిపించకపోతే వెంటనే ఇంజన్ ఆపేయండి, ఇంకో నిమిషం చూద్దామని అనుకోవద్దు.

నలభై దాటకుండా నడపడం మనవాళ్ళకు బాగా నచ్చిన పద్ధతి. స్ప్లెండర్ లాంటి చిన్న ఇంజన్‌కు, రోజూ ఆఫీసుకీ బజారుకీ తిరిగే బండికి ఇది పెద్దగా చెడు చేయదు, ఎందుకంటే సిటీ ట్రాఫిక్‌లో గేర్లు మారుతూనే ఉంటాయి, లోడు దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సమస్య ఎక్కడంటే, నలభై అన్న మాట పట్టుకుని ఎత్తు ఎక్కేటప్పుడు కూడా టాప్ గేర్‌లోనే ఇంజన్ గుడగుడలాడుతుంటే అలాగే ఈడ్చుకుంటూ పోతారు. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడు పడితే బేరింగులకూ పిస్టన్‌కూ అంతకంటే బాధ లేదు. నలభైలోనే ఉండండి, తప్పులేదు, కానీ ఎత్తు రాగానే గేరు తగ్గించండి.

మొదటి రోజే లాగించే పద్ధతి రేసు బళ్ళ నుంచి వచ్చింది. కూలెంట్‌తో చల్లబడే ఇంజన్, బాగా దగ్గర కొలతల్లో తయారైన పిస్టన్, గట్టి కోటింగ్ ఉన్న బ్లాకు అయితే ఆ వాదనలో బలముంది. కేటీఎం డ్యూక్‌లో నికాసిల్ అనే గట్టి కోటింగ్ ఉంటుంది, 2008లో వచ్చిన ఆర్15లో డయాసిల్ అనే గట్టి అల్యూమినియం బ్లాకు. వీటిని మామూలు లేత్‌లో బోరింగ్ చేయించే మాటే లేదు, బ్లాకు పోతే పిస్టన్‌తో కలిపి కొత్త సెట్టు వేసుకోవాలి. అలాంటి ఇంజన్‌ను బాగా వేడెక్కించి, మూడో గేర్‌లో సగం నుంచి ముప్పావు వరకు యాక్సిలరేటర్ ఇచ్చి వదిలేయడం, మళ్ళీ ఇవ్వడం మంచిదే. షోరూమ్ నుంచి వచ్చిన కొత్త బండి అయితే మాన్యువల్‌లో ఆర్‌పీఎం పరిమితి ఎంత రాశారో అంతే, వారంటీ ఉన్నన్నాళ్ళు ఈ చర్చే అనవసరం. గాలితో చల్లబడే కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ను, అదీ చిన్న లేత్ షాపులో బోరింగ్ అయినదాన్ని, ఈ పద్ధతిలో లాగించమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

నేను చెప్పేది ఈ రెండింటి మధ్య దారి. ఇంజన్ స్టార్ట్ చేశాక ఒకట్రెండు నిమిషాల్లో బయల్దేరండి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు చాలా మెల్లగా, బ్లాకు మొత్తం సమంగా వేడెక్కేదాకా. తర్వాత మూడో గేర్‌లో ముప్పై నుంచి యాభై దాకా సగం యాక్సిలరేటర్‌తో లాగి, పూర్తిగా వదిలేసి, బండి తనంతట తాను ముప్పైకి దిగేదాకా ఆగండి. లాగినప్పుడు గ్యాసు రింగులను గోడకు నొక్కుతుంది, వదిలినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే వాక్యూమ్ ఆయిల్‌ను రింగుల దగ్గరికి పైకి లాగుతుంది, ఆ ఆయిల్‌తో పాటే వేడీ, అరిగిన పొడీ పోతాయి. ఇలా పది పన్నెండు సార్లు చేసి, ఇరవై కిలోమీటర్లు నడిపి ఇంటికొచ్చి, ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. చెయ్యి పెడితే వెచ్చదనం కూడా తెలియకూడదు. రెండో రోజు కొంచెం దూరం పెంచండి. మొదటి వంద కిలోమీటర్లు అయ్యాక నాలుగో గేర్‌లో అరవై దాకా అప్పుడప్పుడు తాకించండి, అక్కడే నిలబెట్టకండి. 500 దాటాక మామూలుగా నడపొచ్చు, కానీ హైవే మీద ఎనభైలో గంటసేపు పట్టుకుని పోవడం వెయ్యి దాకా వద్దు.

దీనికి రోడ్డు ఎంపిక కూడా పట్టించుకోవాలి. హైదరాబాద్ వాళ్ళకు అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లు ఎలాగూ రానివ్వరు, దాని సర్వీసు రోడ్డు మాత్రం పొద్దున్నే ఈ పనికి బాగుంటుంది. కొంచెం రోజులు గడిచాక వికారాబాద్ వైపు అనంతగిరి రోడ్డు ఇంకా మంచిది. విశాఖ వాళ్ళకు భీమిలి బీచ్ రోడ్డు ఉండనే ఉంది. విజయవాడ చుట్టుపక్కల పదహారో నంబర్ హైవే కంటే ఊళ్ళ మధ్య నుంచి పోయే కాలువగట్టు రోడ్లే నయం, అక్కడ ఒకే స్పీడులో పోదామన్నా కుదరదు. బండి బాగయిందని సంతోషంతో ఇద్దరు ఎక్కి నేరుగా తిరుమల ఘాటు ఎక్కించకండి, ఆ మొక్కు 500 కిలోమీటర్ల తర్వాత తీర్చుకోండి. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం పూట కొత్త బుల్లెట్ ఇంజన్ నడపడం కూడా వద్దు, పొద్దున ఏడు లోపు ముగించుకోండి.

టూ స్ట్రోక్ లెక్క వేరు. ఆర్‌ఎక్స్ 100లో ఆయిల్ పంపు ఇంజన్ స్పీడును బట్టీ, యాక్సిలరేటర్‌ను బట్టీ ఆయిల్ పంపుతుంది. బుల్లెట్‌కు చెప్పినట్టు స్పీడులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే, పిస్టన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం తగ్గిపోతుంది. కాబట్టి పల్లంలో క్లచ్ పట్టుకోండి, లేదంటే మధ్యమధ్యలో చిన్నగా యాక్సిలరేటర్ ఇవ్వండి. మొదటి ట్యాంకు పెట్రోల్లో అదనంగా కొంచెం టూటీ ఆయిల్ కలపడం మనవాళ్ళ అలవాటు, మంచిదే, కానీ ఆయిల్ ఎక్కువైన కొద్దీ కార్బరేటర్‌లో అదే జెట్ (పెట్రోలు వెళ్ళే సన్నని రంధ్రం) గుండా వెళ్ళే పెట్రోలు తగ్గి మిక్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవుతుందని గుర్తుంచుకోండి. దానికి తగ్గట్టు కార్బరేటర్ కొంచెం రిచ్ (పెట్రోలు ఎక్కువ) చేసుకోకుండా ఊరికే ఆయిల్ పోయడం సీజ్‌ను పిలిచినట్టే. టూ స్ట్రోక్‌లో ఒకసారి వేడెక్కించి, పూర్తిగా చల్లార్చి, మళ్ళీ వేడెక్కించడం అనే పాత పద్ధతికి నిజంగా విలువుంది, అది మానకండి.

ఆయిల్ విషయంలో నాకు సందేహమే లేదు. బుల్లెట్‌కు మొదట మినరల్ 20డబ్ల్యూ50 పోయండి. ఫుల్ సింథటిక్ ఎక్కువ ఖరీదు కాబట్టి ఎక్కువ మంచిదని మొదటి రోజే పోసేవాళ్ళున్నారు, కానీ మనకు ఇప్పుడు కావాల్సింది రింగూ గోడా కొంచెం అరగడం, పైగా ఈ ఆయిల్‌ను కొద్ది రోజుల్లోనే పారబోస్తాం. మొదటి మార్పు 50 నుంచి 100 కిలోమీటర్లలో, రెండోది 500లో, ఆ తర్వాత మామూలు లెక్క. ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చండి, మొదటి ఆయిల్‌ను తెల్లటి డబ్బాలో పట్టి ఎండలో చూడండి. సన్నని మెరుపు పొడి సహజం. వేలికి తగిలే ముక్కలుంటే బండి తీయకుండా మెకానిక్‌ను పిలవండి. ఇంజన్‌కూ క్లచ్‌కూ ఒకే ఆయిల్ ఉండే స్ప్లెండర్, పల్సర్, ఆర్15 లాంటి వాటికి డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో తడిసే క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. సింథటిక్‌కు మారాలనుకుంటే వెయ్యి, పదిహేను వందలు దాటాక, ఆయిల్ లెవెల్ తగ్గడం ఆగిందని తేలాక మారండి.

ట్యూనింగ్ మొదటి రోజే చేయించాలా, తర్వాతా అని అడుగుతారు. రెండుసార్లు చేయించాలి, కానీ రెండింటి పని వేరు. మొదటిది ఇంజన్‌కు ప్రమాదం లేకుండా చూసుకోవడానికి, మైలేజీ కోసం కాదు. స్పార్క్ పుట్టించే కాంటాక్ట్ పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టి, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సరిచూసి, స్పీడును బట్టి దాన్ని ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ బరువులు స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో చేత్తో తిప్పి చూడాలి. అవి పట్టేసి టైమింగ్ లేటుగా ఉండిపోతే సైలెన్సర్ బెండు నీలంగా మాడుతుంది, తప్పంతా కార్బరేటర్ మీద పడుతుంది. కార్బరేటర్‌లో నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి వేస్తే నీడిల్ పైకి లేచి మిక్చర్ కొంచెం రిచ్ అవుతుంది, రన్నింగ్-ఇన్‌కు అంత చాలు. అంతకు మించి రిచ్ చేస్తే పెట్రోలు గోడ మీద ఆయిల్‌ను కడిగేస్తుంది, అదీ ప్రమాదమే. "మైలేజీ వచ్చేలా పెట్టన్నా" అని ఈ దశలో మెకానిక్‌ను అడగొద్దు. మైలేజీ కోసం లీన్ చేసిన మిక్చర్, కొత్త పిస్టన్, ఎండాకాలం, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రెండోది 500 కిలోమీటర్లయ్యాక. అప్పటికి రింగులు సర్దుకుని, రుద్దుడు తగ్గి, ఐడ్లింగ్ దానంతట అదే కొంచెం పెరిగి ఉంటుంది. పది కిలోమీటర్లు నడిపి వేడి మీద చేయాలి, చల్లటి ఇంజన్ మీద చేసిన ట్యూనింగ్ నిలవదు. ఎయిర్ స్క్రూను మెల్లగా లోపలికీ బయటికీ తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ ఆపి, తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో తగ్గించుకోవాలి. మామూలుగా ఒకటి నుంచి రెండు చుట్ల మధ్య దొరుకుతుంది, దొరక్కపోతే పైలట్ జెట్ చూడాలి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే బయటికి తిప్పితే లీన్, ఇంజన్ వైపు ఉంటే బయటికి తిప్పితే రిచ్. ఇది తెలియకుండా ఒక బండి అలవాటు ఇంకో బండికి వాడి పాడుచేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కార్బరేటర్‌లో పావు యాక్సిలరేటర్ దాకా పని చేసేది పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, ఆ పైన మెయిన్ జెట్. బండి ఎక్కడ తడబడుతోందో గమనించి ఆ భాగాన్నే ముట్టుకోండి, ఒకసారికి ఒక్కటే మార్చండి.

ఇంతకీ జెట్ మార్చాలా? సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ కంపెనీవే అయితే పదేళ్ళ కిందట అక్కర్లేదనేవాణ్ణి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక కిలో పెట్రోలు మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కైతే 9 కిలోలు చాలు. అంటే పాత రోజుల పెట్రోలుకు పెట్టిన జెట్ మీద ఇప్పటి పెట్రోలు పోస్తే మిక్చర్ లీన్‌గానే నడుస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బళ్ళు సెన్సార్‌తో చాలావరకు సర్దుకుంటాయి, కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. అందుకే బుల్లెట్‌లో రన్నింగ్-ఇన్ అయ్యాక కూడా ఆ నీడిల్ గాడిని వెంటనే వెనక్కి మార్చకండి. కొత్త ప్లగ్గు వేసి, ముప్పావు యాక్సిలరేటర్‌లో ఒక కిలోమీటరు నడిపి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపి ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే అలాగే ఉంచండి. తెల్లగా, పొడిగా ఉంటే మెయిన్ జెట్ ఒక్క నంబర్ పెద్దది వేయండి. నల్లటి మసి ఉంటేనే నీడిల్ వెనక్కి. ఎక్కువ రోజులు బండి తీయకపోతే కార్బరేటర్‌లో పెట్రోలు ఖాళీ చేసి పెట్టుకోండి, ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత రబ్బరు సీళ్ళు కూడా దానికి తట్టుకోవు.

మెకానిక్‌తో చేయించుకోవాలా, సొంతంగా చేసుకోవాలా అంటే, టైమింగూ హెడ్డు బోల్టులూ చేయి తిరిగినవాళ్ళకే వదిలేయండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు హెడ్డు నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించాలి, టార్క్ రెంచ్ లేని షెడ్డుకు ఆ పని ఇవ్వకండి. ఎయిర్ స్క్రూ, ప్లగ్గు, టాపెట్లు (వాల్వుల సందు సెట్టింగ్) మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. బుల్లెట్ టాపెట్లకు ఫీలర్ గేజ్ కూడా అక్కర్లేదు. ఇంజన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ మీద పైన ఉండాలి, పుష్‌రాడ్ (రాకర్‌ను కింది నుంచి తోసే కడ్డీ) వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. హెడ్డు నట్లు బిగించాక టాపెట్లు మళ్ళీ చూడాల్సిందే, ఎందుకంటే హెడ్డు కాస్త కిందికి దిగితే ఆ సెట్టింగ్ మారిపోయి వాల్వు పూర్తిగా మూసుకోదు, వాల్వు మాడుతుంది.

వెయ్యి కిలోమీటర్లు అయ్యేసరికి పొద్దున్నే కిక్ కొడితే కాలికి తగిలే కంప్రెషన్ మొదటి రోజు కంటే గట్టిగా ఉండాలి, నీలం పొగ ఆగిపోవాలి, 500కీ వెయ్యికీ మధ్య ఆయిల్ లెవెల్ కంటికి తెలిసేంత పడిపోకూడదు. ఈ మూడింట్లో ఏది తేడాగా ఉన్నా ఇంకో వెయ్యి నడిపితే సర్దుకుంటుందని ఎదురుచూడకండి. కంప్రెషన్ గేజ్ పెట్టి అంకె రాసుకోండి, తర్వాత ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. ఏది విప్పాలో ఆ కొలత చూసి మెకానిక్‌కు మీరే చెప్పొచ్చు.